ఆదివారం పూట పండు రసం

అమ్మ పోయాక అశోక్‌నగర్‌లోని ఆ పై వాటాలో నేనొక్కదాన్నే మిగిలాను. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చాక మర్నాడు పాలు పోసేవాడు పిలిచేదాకా మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఆదివారాలు మరీ బరువుగా గడిచేవి.

తొంభైల చివర్లో ఒక రోజు చిక్కడపల్లి మార్కెట్లో టమాటాలు ఏరుకుని, మోకాళ్లు పట్టుకుని లేస్తుంటే పక్కనున్న ఒకామె చెయ్యందించింది.

"నాకు గూడ గిట్లనే ఉండె అక్కా. ఇప్పుడు చూడు," అని అక్కడే గొంతుక్కూర్చుని లేచి చూపించింది.

మా ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని, ఆ ఆదివారమే ఒక సీసా పట్టుకుని వచ్చింది. అందులో ఎక్కడో సముద్రం మధ్య దీవుల్లో కాసే పండు రసం. నల్లగా, పులిసిన వాసన వేస్తోంది. షుగరుకూ, బీపీకీ, కీళ్లకూ, చివరికి క్యాన్సరుకు కూడా పనిచేస్తుందట. అన్ని రోగాలకూ ఒకే మందేమిటని అడిగాను.

"మందు కాదక్కా, పండే గద. పండుతోని ఏమైతది?" అంది.

నమ్మకం కుదిరి తాగానని చెప్పలేను. తాగుతున్నానా లేదా అని అడగడానికి ఆమె ప్రతి ఆదివారం వచ్చేది. టీ తాగుతూ మధ్యాహ్నం దాకా కూర్చునేది. తన భర్త షుగరు గురించి, లోయర్ ట్యాంక్ బండ్‌లో వాళ్ల ఇరుకు ఇంటి గురించి చెప్పేది. ఒకసారి ఆ రసం అమ్మేవాళ్ల మీటింగుకు తీసుకెళ్లింది. జనం ఒక్కొక్కరే లేచి తమ రోగాలు ఎలా తగ్గాయో చెబుతుంటే హాలంతా చప్పట్లు. షుగరు మాత్రలు మోరీలో పారేశానని ఒకాయన గర్వంగా చెప్పాడు. నాకది నచ్చలేదు. కానీ నా పక్కన కూర్చున్న ముసలావిడ మీటింగు అయ్యేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. అందుకే లేచి రాలేకపోయాను.

వానాకాలం మొదట్లో కాళ్లలో సత్తువ పోయింది. ఒక రోజు బోర్డు మీద రాస్తూ రాస్తూ కుర్చీలో కూలబడ్డాను. గుండె ఒకసారి దడదడా కొట్టుకుని, ఒకసారి ఆగినట్టయ్యేది. తోటి టీచరు హిమాయత్‌నగర్‌లో నాకు బీపీ మందులిచ్చే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తపరీక్ష చూసి ఆయన, కొత్తగా ఏం తీసుకుంటున్నారని అడిగాడు.

"పండు రసమేనండీ," అని దాని సంగతి చెప్పాను.

"పండైతే మాత్రమేంది? మీ కిడ్నీలు జర మందగించినయ్. ఆ రసంల పొటాషియం ఉంటది. మీ బీపీ గోలీ గూడ దాన్ని పెంచేదే. రెండు కలిస్తే గుండెకు ముప్పు," అన్నాడు.

ఆస్పత్రిలో చేర్చారు. తోటి టీచరు పిల్లలున్న మనిషి, సాయంత్రానికి వెళ్లిపోయింది. వెంట ఎవరున్నారని నర్సు అడిగితే, వస్తారని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎవరూ రాలేదు.

ఇంటికొచ్చాక ఆదివారం ఆమె వచ్చింది. జరిగిందంతా చెప్పాను. నాతో వాదిస్తుందేమో అనుకున్నాను. ఆమె మొహం పాలిపోయింది.

"మా ఆయనకు గూడ పోస్తున్న అక్కా," అంది మెల్లగా. "షుగర్ గోలీలు బంద్ చేసిండు. కాళ్లు వాచినయంటే, లోపలి చెడంత బయటికొస్తున్నదన్నరు ఆ మీటింగోళ్లు."

వెంటనే డాక్టరుకు చూపించమని అడ్రసు రాసిచ్చాను. టీ కూడా తాగకుండా లేచింది.

మర్నాడే తీసుకెళ్లిందనీ, ఆయన్ను కూడా చేర్చుకున్నారనీ తరువాత డాక్టరే చెప్పాడు. కిడ్నీలు దెబ్బతిన్నా ప్రాణానికి భయం లేదన్నాడు. నా మనసు కుదుటపడింది.

కానీ ఆమె మళ్లీ రాలేదు. రెండు మూడు ఆదివారాలు ఎదురుచూసి, చివరికి నేనే వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాను. తలుపుకు తాళం వేసి ఉంది.

"కిరాయి ఇల్లు గద, ఖాళీ చేసిన్రు," అంది పక్కింటావిడ. "మీరు వాళ్లకు ఏమైతరు?"

ఏమీ కానని చెప్పడానికి మనసొప్పలేదు. తెలిసినవాళ్లమని చెప్పి, ఆటో పిలవకుండా ఇంటిదాకా నడిచాను.