సీసం అచ్చు తెచ్చిన మనిషి

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వదిలి కుడివైపు సందులోకి తిరిగితే మా వర్క్‌షాప్. ముందు గదిలో ఇనుము తరిగే లేత్ మిషన్, వెనక గదుల్లో మా కాపురం. మా ఆయన అచ్చులు చేస్తాడు. కొవ్వొత్తులు పోసేవాళ్లు, రబ్బరు వాషర్లు చేసేవాళ్లు, గాలానికి కట్టే సీసం బరువులు పోసుకునేవాళ్లు మా దగ్గరికి వస్తారు. వాళ్లతో మాట్లాడి ఏం కావాలో తెలుసుకోవడం, కాగితం మీద బొమ్మ గీయడం నా పని.

ఆ మనిషి వర్షం వెలిసిన ఒక ఉదయం వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, టక్ చేసుకున్నాడు, నుదుట సన్నటి బొట్టు. ఏ బ్యాంకులోనో పనిచేసి రిటైరైనవాడిలా ఉన్నాడు. అశోక్‌నగర్‌లో సొంత ఇల్లని చెప్పాడు. సంచిలోంచి ఒక పాత ఇనుప అచ్చు తీసి టేబుల్ మీద పెట్టాడు. పటకారులా తెరుచుకునే రెండు ముక్కలు, వాటికి రెండు చెక్క పిడులు. మా తాతది అన్నాడు.

"ఇసొంటిదే కొత్తది కావాలె. దేంతోని చేస్తే మంచిది, ఇనుమా, అల్యూమినియమా?"

"దేనికి సార్?" అని అడిగాడు మా ఆయన.

"చేపలకు. గాలం బరువులు."

"అల్యూమినియం జల్ది వేడెక్కుతది, పని తొందరగ నడుస్తది. ఇనుమైతే శానా ఏండ్లు ఉంటది, కాని తుప్పు పట్టకుండ చూసుకోవాలె."

అతను తల ఊపాడు. పాత అచ్చు మొనవైపు చిన్న రంధ్రం చూపించాడు. అక్కడ ఒక ఇనుప పుల్ల ఉండేదట, విరిగిపోయిందట. కొత్త దాంట్లో అది తప్పకుండా ఉండాలన్నాడు. సీసం దాని చుట్టూ గడ్డకడితే మొనలో గుంట పడాలి. ఆ గుంట సరిగ్గా నడిమధ్యలో రావాలి, వెంట్రుకంత కూడా పక్కకు పోకూడదు. ఇదంతా చెబుతున్నప్పుడు అతని గొంతు మారింది. అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి ప్రతి మాటా ఆగి ఆగి, నొక్కి చెప్పాడు.

మా ఆయన అచ్చును తిప్పి చూశాడు. "గుంట అవుతలికి పోదు కద సార్. మరి దారం ఎట్ల కడతరు?"

అతను ఊరికే నవ్వాడు. తర్వాత నావైపు తిరిగి, "మీ పాప నారాయణగూడ కాలేజీల చదువుతది కదమ్మా. బస్టాప్‌ల చూస్తుంట" అన్నాడు. అచ్చు చూసి పెట్టండి, రెండు మూడు రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

మా అమ్మాయి సంగతి అతనికి మేమెవరం చెప్పలేదు.

అతను సందు దాటేదాకా చూశాం. తర్వాత మా ఆయన కొవ్వొత్తుల మైనం కొంచెం కరిగించి, ఆ రంధ్రంలో ఒక మేకు దూర్చి, అచ్చులో పోశాడు. చల్లారాక పిడులు విప్పితే మైనం ముక్క టేబుల్ మీద పడింది. చిటికెన వేలి కొసంత ఉంది. అడుగు చదును, పైకి పోనుపోను సన్నం, మొనలో గుంట. దాన్ని ముట్టుకోవాలనిపించలేదు నాకు.

మేడమీద ఉండే ఇంటి ఓనర్ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన పెద్దాయన. మేము కాకా అని పిలుస్తాం. ఆయన్ని కిందికి పిలిచి ఆ ముక్క చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, టేబుల్ మీద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇది తూటా బిడ్డా. మొనకు గుంట ఎందుకో ఎర్కేనా? పోయేటప్పుడు చిన్నగ పోతది. లోపలికి పోయినంక విచ్చుకుంటది. తాకినోడు బతకద్దని చేసేది."

మా ఆయన వెళ్లి షట్టర్ సగం దించి వచ్చాడు.

"స్టేషన్‌ల చెప్పాలె" అన్నాడు కాకా.

"చెప్తే నన్నే పట్టుకుంటరు కాకా. అచ్చులు చేసేది నేను. వాడు, 'చేపలకని చెప్పిన' అంటడు. నా మాట ఎవరింటరు? పైంగ మన పోరి సంగతి వానికి తెలుసు."

కాకా ఇంకా చెప్పి చూశాడు. మా ఆయన వినలేదు. నేను కూడా ఆ రోజు మా ఆయనవైపే ఉన్నాను. నాకు అమ్మాయి తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆ మనిషి అన్నట్టే వచ్చాడు. లేత్ పాడైంది, అంత సన్నటి పని మాతో కాదు, వేరేచోట చూసుకోండి అని మా ఆయన చెప్పాడు. అతను లేత్ మిషన్ వైపు చూశాడు. దాని కింద అప్పుడే తీసిన ఇనుప పొట్టు మెరుస్తోంది.

"పాడైందా" అన్నాడు. అచ్చు సంచిలో వేసుకున్నాడు. గడప దగ్గర ఆగి, "నేనొచ్చినట్టు ఎవలకు చెప్పకుండ్రి. మంచిది కాదు" అన్నాడు. అరవలేదు, గొంతు పెంచలేదు. బయట చెప్పులు వేసుకుని, గొడుగు విప్పుకుని వెళ్లాడు.

అప్పటినుంచి అమ్మాయిని ఒక్కదాన్ని పంపలేదు. పొద్దున నేనే నారాయణగూడ దాకా నడిచి దింపి వచ్చేదాన్ని. ఇంత పెద్దదాన్ని అయ్యాను, నాతో ఎందుకొస్తున్నావని పోట్లాడేది. చెప్పలేకపోయాను. ఫ్లైఓవర్ కింద జనంలో టక్ చేసుకున్న ప్రతి మనిషీ అతనిలాగే కనిపించేవాడు. వర్క్‌షాప్ ముందు స్కూటర్ ఆగితే మా ఆయన మిషన్ ఆపి చెవి ఒగ్గేవాడు. అన్నింటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకో ఆలోచన. అతను అచ్చు ఇంకెక్కడైనా చేయించుకుని ఉంటే? అది ఎవరి కోసం?

ఒక మధ్యాహ్నం మా ఆయన సామాన్లకు కోఠి వెళ్లాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. నూలు చీర కట్టుకున్న ఒకావిడ గుమ్మంలో నిలబడింది. నా ఈడుదే. చంకలో చేతిసంచి గట్టిగా అదుముకుని ఉంది. లోపలికి వచ్చి, వంటగుడ్డలో చుట్టిన వస్తువు విప్పి టేబుల్ మీద పెట్టింది. అదే అచ్చు. దాని పిడికి మా వర్క్‌షాప్ చీటీ ఇంకా వేలాడుతోంది. మా దగ్గరికొచ్చిన ప్రతి వస్తువుకీ మేం కట్టే చీటీ అది.

"ఇది మీ దగ్గర్నుంచే వచ్చిందా అక్కా? మా ఆయన అల్మారిల ఉండె. ఏందిది?"

"ఆయన ఏమన్నడు?" అని అడిగాను.

"చేపల గాలానికన్నడు." ఆవిడ నా ముఖంలోకి చూసింది. "మేము చేపలు తినం అక్కా. మా ఇంట్ల గుడ్డు గూడ రాదు."

కుర్చీ వేశాను. ఆవిడ కూర్చుని, అడగకుండానే చెప్పుకుపోయింది. పాలు కాచే గిన్నె అడుగున నల్లగా ఏదో గడ్డకట్టి ఉందట. ఎంత తోమినా పోలేదట. ఆవిడ గుడికి వెళ్లినప్పుడల్లా ఆయన వంటింటి తలుపు వేసుకుంటున్నాడట. వాళ్లది రెండంతస్తుల ఇల్లు. కింద మరిది కుటుంబం, పైన వీళ్లు. వాటాల గొడవతో ఏడాదిగా అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. మరిది గేటు తీసిన చప్పుడైతే చాలు, ఆయన బాల్కనీలోకి వచ్చి నిలబడి చూస్తూ ఉంటాడట.

"ఇంట్ల తుపాకీ ఉన్నదా?" అన్నాను.

"మా మామ తండ్రిది ఒకటి సజ్జ మీద ఉండె, పాతది. పనికిరాదన్నరు." అంటూనే ఆవిడ ఆగిపోయింది. "మొన్న సజ్జ దులిపిన. అది కనబడలే."

చెప్పాలో వద్దో అనుకునే సమయం లేదిక. అది తూటాలు పోసే అచ్చని, ఎలాంటి తూటానో కాకా చెప్పిన మాటల్లోనే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మంచినీళ్లు అడిగింది. తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"మా తోటికోడలు పొద్దున నాకు పుదీనా ఇచ్చింది" అంది. "వాళ్లతోని ఆయన మాట్లాడడు గని, మేమిద్దరం మెట్ల కాడ మాట్లాడుకుంటం. ఆమెకు నేనేం చెప్పాలె?"

"ఆమెకు తర్వాత. ముందు స్టేషన్‌కు పోదాం."

"నా మొగుడక్కా."

"తెలుసు."

ఆవిడ ఒకసారి అచ్చు వైపు చూసింది. తర్వాత లేచి దాన్ని మళ్లీ అదే గుడ్డలో చుట్టింది. "నడువు. మళ్లా ఇంటికి పోతే నాకు ధైర్యం చాలది" అంది.

నేను కాకాను కేకేశాను. షట్టర్ దించి ముగ్గురం నడిచి వెళ్లాం. దారి పొడుగునా ఆవిడ నా మోచెయ్యి వదల్లేదు. ఎదురుగా ఆవిడ మొగుడు వస్తాడేమోనని ఇద్దరం జనంలోకి చూస్తూనే ఉన్నాం. స్టేషన్‌లో కాకా పాత పరిచయంతో మాట్లాడాడు. మా ఆయన భయపడ్డట్టు ఎవరూ మమ్మల్ని పట్టి కూర్చోబెట్టలేదు. మేం చెప్పింది విని, ఆవిడ చెప్పింది రాసుకుని, వెంటనే జీపు తీశారు.

తర్వాతి సంగతి ఆవిడ ఫోన్‌లో చెప్పింది. పోలీసులు వెళ్లేసరికి ఆయన పేపరు చదువుతున్నాడట. లేచి నిలబడి, ఏమీ అడక్కుండా, మంచం కింది ట్రంకు పెట్టె తాళం తీసి ఇచ్చాడట. బాగుచేయించిన తుపాకీ, కరిగించి పోసిన సీసం ముక్కలు అందులో ఉన్నాయి. పాత అచ్చులో పుల్ల సరిగా కుదరక చాలావాటికి గుంట పక్కకు పోయిందట, అందుకే ఇంకా ఆగాడట. కింద మరిది పిల్లలు వాకిట్లో షటిల్ ఆడుతున్నారు. జీపులో ఎక్కుతుంటే షటిల్ కాక్ కాలి దగ్గర పడితే వంగి తీసి వాళ్లకిచ్చాడట.

కేసు నడుస్తోంది. కొన్నాళ్లు లోపల ఉంచి బెయిల్ ఇచ్చారు. డాక్టర్ల దగ్గర మందులు కూడా వాడుతున్నాడని, చెల్లెలింట్లో ఉంటున్నాడని విన్నాం. ఆవిడ కవాడిగూడలో గది కిరాయికి తీసుకుని బ్లౌజులు కుడుతోంది. అశోక్‌నగర్ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. తోటికోడలు ఆవిడ దగ్గరికి వచ్చి పోతుంటుందట. అమ్మాయికి అన్నీ చెప్పాం. తర్వాత తనే బస్టాప్ మార్చుకుంది.

పోయిన నెల చిక్కడపల్లి మార్కెట్‌లో గోంగూర ఏరుతున్నాను. పక్కన ఎవరో కూడా వంగి కట్టలు చూస్తున్నారు. తల ఎత్తితే అతనే. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, చొక్కా మాత్రం ఇస్త్రీది. "జర జరగండమ్మా" అన్నాడు. నేను జరిగాను. ఒక కట్ట తీసుకుని, సంచిలో పెట్టుకుని, జనంలో కలిసిపోయాడు. నన్ను గుర్తుపట్టలేదా, పట్టి పట్టనట్టున్నాడా, నాకు తెలియదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. లేత్ ఆపేశాడు. ఏమన్నాడని అడిగాడు. జరగమన్నాడని చెప్పాను. మా ఆయన లేచి వెళ్లి, మిట్టమధ్యాహ్నం ఎండలో, షట్టర్ సగం దించి వచ్చాడు.