అమ్మ కడుపులో వజ్రం

నిన్న స్కానింగు గదిలో నా పొట్ట మీద చల్లటి జెల్లు రాస్తుంటే నవ్వు ఆగలేదు. ఏడేళ్లప్పుడు నేను చేసిన గోల గుర్తొచ్చింది.

మాది ఉరవకొండ పక్కన పల్లె. అమ్మకు నడుములో నొప్పి లేచి వేరుశనగ చేలోనే కూలబడేది. "కలుపు అంటేనే దీనికి నొప్పి లేస్తాది" అనేది నాయనను కన్న మా జేజి. నాయన కూడా నమ్మలేదు. ఒకరోజు నొప్పితో వాంతులయ్యాక అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. నాయన వరండాలో ఉండిపోతే జేజి, నేను అమ్మతో లోపలికి వెళ్లాం.

బూడిదరంగు తెర మీద తెల్లగా మెరిసే చుక్కను డాక్టరమ్మ చూపించింది. "కిడ్నీలో రాయి ఉండాది. ఇంత నొప్పి ఎట్ల ఓర్చుకున్నావమ్మా?"

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇంగొకసారి చూపించు మేడం, మా అత్త సరిగ్గా చూడల్ల."

తొలకరి పడితే మా వైపు జనం చేలల్లో వజ్రాలు వెతుకుతారు. రాయి మెరుస్తోంది, అమ్మ మురిసిపోతోంది. నేను వరండాలోకి పరుగెత్తాను.

"నాయనా, అమ్మ కడుపులో వజ్రం దొరికినాది!"

బెంచీల మీది వాళ్లంతా లేచి చూశారు.

మందులతో కొన్నాళ్లకు ఆ రాయి పడిపోయింది. తన మాట నిజమని తేలినందుకే అమ్మ అంత సంతోషపడిందని నాకు పెద్దయ్యాకే అర్థమైంది. ఆ ఏడంతా అమ్మ కలుపు తీసేటప్పుడు జేజి గంటకోసారి చెంబుతో గట్టు దిగి వచ్చేది.

"నీళ్లు తాగు, డాక్టరమ్మ చెప్పినాది గదా. తాగి కాసేపు కూచో."