చింతపిక్కల లెక్క

నిన్న వంటింట్లో చింతపండు పిసుకుతుంటే ఒక పిక్క వేళ్ల మధ్య నుంచి జారి స్టీలు గిన్నెలో టంగుమంది. ఆ చప్పుడు వింటే నాకు శర్మ మాస్టారు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే వెనకాలే నాగలక్ష్మి వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ రెండో మనిషి గుర్తుకొస్తే నాకు ఒళ్లు మండుతుంది, దాచుకోవడం దేనికి.

మాస్టారు గుంటూరులో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టి గద్దల వెంట పడ్డాడని బంధువులు నవ్వేవారట. వానలు వెనకబట్టాక ఎక్కడో ఉత్తరాన్నుంచి పిల్లిగద్దలు మన వైపు వలస వస్తాయి. పగలంతా పత్తి, మిరప చేల మీద నేలబారుగా తిరిగి, పొద్దుగూకే వేళకు తుళ్లూరు దగ్గర రాజధానికిచ్చేసిన పొలాల్లో, సాగు లేక గడ్డి పెరిగిన చోట ఒక్కొక్కటే దిగి నేలమీదే పడుకుంటాయి. ఆ అరగంటలోనే లెక్కపెట్టాలి. మాస్టారి పద్ధతి ఇది: కుడి జేబులో అరవై చింతపిక్కలు. ఒక గద్ద దిగితే ఒక పిక్క ఎడమ జేబులోకి వెళ్తుంది. దిగింది మళ్లీ లేస్తే పిక్క వెనక్కొస్తుంది. కాగితం వంక చూస్తే ఆకాశం చేజారుతుందనేవారు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి, రెండు అంకెల్లో తక్కువది నోటుబుక్కులో రాయాలి.

నేను ఆయన దగ్గర చదువుకున్నదాన్ని, ఎమ్మెస్సీ చేసి స్కూల్లో సైన్సు చెబుతున్నదాన్ని. మూడేళ్లు ఆయనా నేనూ లెక్కపెట్టాం. నాలుగో ఏడు నీటికాసుల వల్ల ఆయన చూపు బాగా తగ్గింది. పక్క చేలో పత్తి తీస్తున్న నాగలక్ష్మిని పిలిచి, ఏం కనబడుతోందమ్మా అని అడిగారు.

"ఆ బూడిదరంగుది మగదండీ, కొత్తగా వచ్చింది. ఈ గోధుమరంగుది మాత్రం ఇందాక దిగి లేచిందే. మళ్లీ లెక్కేసుకోబాకండి" అంది.

నేను అప్పుడే దానికి రెండో పిక్క వేశాను. మాస్టారు నా వైపు తిరిగి, "విన్నావుటమ్మా? కళ్లంటే అవీ" అన్నారు. నా మొహం మాడిపోయింది. నన్ను ఆయన ఎప్పుడూ "శ్రద్ధగా చేస్తావమ్మా" అనేవారు, అంతే. ఎవరిక్కావాలి ఆ శ్రద్ధ?

ఆ ఏడంతా మాస్టారి బదులు ఆమే నాతో లెక్కపెట్టింది. ఆమె కళ్లే కళ్లు. చివరికి ఒకరోజు, "వచ్చే ఏడు నేను రాలేను. రేపటి లెక్క అయ్యాక ఈ నోటుబుక్కు మీ ఇద్దరిలో ఒకరికి అప్పజెబుతాను" అన్నారు. అది నాది కాకపోతే బతకలేననిపించింది.

మర్నాడు మాస్టారు మధ్యలో, మేమిద్దరం ఆయనకు చెరో పక్క నిలబడ్డాం. మొదటి నాలుగు గద్దలు నేనే చూశాను. తర్వాత ఆమె ఎన్ని చూస్తోందోనని ఒక్కసారి అటు చూశాను. ఇక చూపు తిప్పుకోలేకపోయాను. ఆమె చెయ్యి పిక్కతో పత్తి ఒడిలోంచి కొంగుముడిలోకి వెళ్లినప్పుడల్లా నా చెయ్యి కూడా కదిలింది. ఆకాశం వంక చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

మాస్టారు మా పిక్కలు తడిమి లెక్కపెట్టారు. ఆమెవి ముప్ఫై ఏడు. నావి కూడా ముప్ఫై ఏడే. అంతకుముందు ఒక్కరోజు కూడా మా అంకెలు కలవలేదు.

"రెండూ ఒకటే అయ్యాయంటే లెక్కపెట్టింది ఒక్కరేనన్నమాట" అన్నారు.



"తప్పు నాదేనండి మాస్టారూ" అంది నాగలక్ష్మి. "కంట్లో నలక పడితే మేడమ్ గారి చెయ్యి చూసి వేశా."

"అలాగా" అన్నారాయన. ఆ రోజు పేజీలో ఏమీ రాయనివ్వలేదు. నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. పిక్కలు దాచుకునే డబ్బా మాత్రం ఆమెకిచ్చారు. గెలిచింది నేనే అయినా, దారి పొడుగునా ఆ డబ్బా వంకే చూస్తూ నడిచాను.

మాస్టారు పోయాక ఒక సాయంత్రం ఆ గడ్డి దగ్గరే ఆమెను అడిగాను, ఆ రోజు అబద్ధం ఎందుకు చెప్పావని.

"ఆ పుస్తకం కావాలని మీ మొహాన రాసుంది మేడమ్. నాకా, రాయటమే రాదు" అంది. నవ్వింది. "నా చెయ్యి కదిలినప్పుడల్లా మీ గాజులు గలగల్లాడాయి. నాకు ఇనపడితే మాస్టారికి ఇనపడదా? ఆయనకి తగ్గింది చూపేగా."

అంటే ఆయనకు తెలుసు. తెలిసే నాకు పుస్తకమిచ్చారు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు గాజులు తీసి ఇంట్లో పెట్టి వెళ్తాను. ముత్తయిదువవి, బోసి చేతులతో ఏం తిరుగుళ్లని అత్తగారు సణుగుతారు. నాగలక్ష్మి డబ్బా మూత తీసి అరవై పిక్కలు నా దోసిట్లో పోస్తుంది. ఆమె వైపు మొహం తిప్పకుండా నిలబడటం నేర్చుకున్నాను. నిన్న సాయంత్రం ఆమె పిక్కలు ఇరవై తొమ్మిది, నావి ఇరవై ఆరు. తక్కువది రాయాలన్నది మాస్టారి నియమం కాబట్టి పుస్తకంలో నా అంకే రాశాను. మిగిలిన ఆ మూడు గద్దలూ ఆమె చూసింది, నేను చూడలేదు. రాత్రంతా ఆ మూడింటి కోసమే కుళ్లుకున్నాను.