చింతపండుతో తోమిన రివాల్వరు

నిన్న బాపట్లలో మా ఇంట్లో పాత కుట్టుమిషను తుడుస్తుంటే గుడ్డలోంచి కిరోసిన్ వాసన గుప్పుమంది. చెయ్యి ఆగిపోయింది. ఆ వాసన తగిలితే నాకు తెనాలిలో వీరాచారి గారి తుపాకుల షాపు గుర్తొస్తుంది. లైసెన్సు మీద తుపాకులు బాగుచేసే ఆ పెద్దాయన దగ్గర నేను గడిపింది మొత్తం రెండు పూటలు. అయినా నన్ను తీర్చిదిద్దింది ఎవరని అడిగితే మా నాన్న తర్వాత ఆయన పేరే చెబుతాను.

ఎనభైల చివరి మాట. ఉప్పు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన మా తాతయ్య రివాల్వరు ఆయన తర్వాత నాన్నకు, రేపల్లెలో నాన్న పోయాక ఒక్కగానొక్క కూతురినైన నాకు వచ్చింది. లైసెన్సు నా పేరుకు మారేదాకా దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించాలి. తుప్పు పట్టిన వస్తువును నలుగురి ముందు పెడితే నాన్న పరువేం కాను? క్రిస్మస్ ముందు ఇత్తడి సామాను తోమినట్టే చింతపండు, ఇటుకపొడి వేసి రెండు రోజులు తోమాను. తళతళలాడింది. తుప్పుతో పాటు నంబరు కూడా పోయిందని నేను గమనించనే లేదు.

ఎస్.ఐ. గారు లైసెన్సు పుస్తకం పక్కన రివాల్వరు పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. “నంబరేదమ్మా? ఎవరు చెరిపారు?” అన్నారు. నంబరు చెరిపిన ఆయుధమంటే కేసవుతుందట. టీచరుగా చేరి అప్పటికి ఆరు నెలలు కాలేదు, కేసంటే ఉద్యోగం గోవిందా. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాను. “నాన్నగారు తెనాలిలో వీరాచారి గారి దగ్గర రిపేరు చేయించారండీ. అక్కడే పోయుంటుందండీ.” నాన్న నోట ఎప్పుడో విన్న పేరది. ఆ మాటతో వీరాచారి గారి లైసెన్సు ఊడొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. వచ్చినా అదే చెప్పేదాన్నేమో.

రెండు రోజులాగి, రివాల్వరు ఒక కానిస్టేబుల్ చేతికిచ్చి నన్ను కూడా తెనాలి పంపారు. వీరాచారి గారు ముందు మా ఇద్దరికీ టీ చెప్పారు. తర్వాత రివాల్వరును దాని నడుం దగ్గర విరిచినట్టు మడిచి, లోపల తూటాలు లేవని చూసుకుని, భూతద్దం పెట్టారు. తాతయ్యకు ఆయన తెల్లదొర ఇచ్చిన లండను సరుకని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళం.

“లండను కాదమ్మా, బర్మింగ్‌హామ్‌లో చేసింది. ఇదిగో, ఈ చిన్న కిరీటం అక్కడి పరీక్ష ముద్ర. పిడి చెక్క మాత్రం మన నల్లతుమ్మ. పాతది విరిగితే ఇక్కడెవరో చేసిపెట్టారు.”

తర్వాత సూదితో సందుల్లోంచి ఎర్రటి పొడి తీసి కాగితం మీద రాల్చారు. దాన్ని చూశారు, నన్ను చూశారు. “దీనికేం చేశారో తెలిస్తే బాగుచెయ్యడం తేలికండి,” అని, గుడ్డ కిరోసిన్‌లో ముంచి తుడవడం మొదలుపెట్టారు. పావుగంట దాకా తుడుస్తూనే ఉన్నారు. కానిస్టేబుల్ బయట రోడ్డు చూస్తున్నాడు. నా టీ మీద మీగడ కట్టింది.

“నేనే తోమానండీ,” అన్నాను చివరికి. “చింతపండుతో. భయపడి మీ పేరు చెప్పానండీ.” అంతే, ఏడుపొచ్చేసింది. కానిస్టేబుల్ గిరుక్కున తిరిగి చూశాడు.

వీరాచారి గారు తల ఊపి, స్క్రూ విప్పి పిడి చెక్క ఊడదీశారు. చెక్క కింద, చింతపండు తగలని ఇనుము మీద, నంబరు నల్లగా స్పష్టంగా ఉంది. లైసెన్సు పుస్తకంలోదీ అదే.

“ఈ రకానికి నంబరు ఇక్కడ కూడా కొడతారమ్మా. మీరు నా పేరు చెప్పారని ఎస్.ఐ. గారు నిన్ననే ఫోన్ చేశారు.”

“మరి రాగానే ఇది విప్పి చూపిస్తే అయిపోయేది కదండీ?”

“నా పని అయిపోయేది. మీ పని మిగిలిపోయేది.”

జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసి, కింద నాతో కూడా సంతకం పెట్టించారు. కేసు లేకుండా పోయింది. నెల తర్వాత వెళితే రివాల్వరు బాగైంది. స్ప్రింగు కొత్తది వేశారు, తిరగని తూటాల చక్రం సాఫీగా తిరుగుతోంది. నేను అరగదీసిన చోటు మాత్రం తెల్లగా అలాగే ఉంది. దాన్ని కూడా నల్లగా చెయ్యమని బతిమాలాను. “నంబరున్న చోట రంగేస్తే రేపు చూసినవాడు దొంగసొత్తు అనుకుంటాడమ్మా. కనపడనివ్వండి,” అన్నారు. అప్పుడు కాస్త కోపమొచ్చిన మాట నిజమే.

తర్వాత ముప్పై ఏళ్ళు బడిలో ఎన్ని అబద్ధాలు విన్నానో! చాలాసార్లు రుజువు నా సొరుగులోనే ఉండేది. వెంటనే బయటికి తీసేదాన్ని కాదు. ఎదురుగా కుర్చీ వేయించి, ఏవో కాగితాలు సర్దుకుంటూ ఆగేదాన్ని. కొందరు నిజం చెప్పేవాళ్ళు, కొందరు చెప్పకుండానే లేచి వెళ్ళేవాళ్ళు. చెప్పినవాళ్ళ ముఖం తేలికపడటం చూసినప్పుడల్లా వీరాచారి గారికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆ రోజు ఆయన రాగానే పిడి విప్పి ఉంటే, రివాల్వరుతో పాటు ఆ అబద్ధం కూడా నా దగ్గరే ఉండిపోయేది.