బాల్వాడీలో మా వంతు

పొద్దున్నే హోసూరులోని మా బాల్వాడీలో ఆయమ్మ సత్తుపిండిలో వేడి బెల్లంనీళ్లు పోసి కలుపుతుంటే వేయించిన రాగుల వాసన గదంతా కమ్ముకుంటుంది. పిల్లలు ముద్దల కోసం చేతులు చాపుతారు. వాళ్ల టీచరునన్న సంగతి మరిచిపోయి నాకూ చెయ్యి చాపాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ వాసన తగలగానే నా వయసు అయిదేళ్లకు దిగిపోయి, మా సొంతూరు బేరిగైలో మేము చదువుకున్న, అంటే ఆడుకున్న, ఒంటిగది బాల్వాడీ గడపలో నిలబడి ఉంటాను.

అబ్బ, ఏం గది అది! చలికాలంలో కిటికీలోంచి పడే ఎండముక్క ఎటు జరిగితే అటు మేమూ దేక్కుంటూ జరిగేవాళ్లం. చెనక్కాయలు పీకే రోజుల్లో జేబుల నిండా పచ్చికాయలు, మామిడికాయల కాలంలో ఉప్పూకారం పొట్లాలు, ఉగాది మరునాడు ఒబ్బట్టు ముక్కలు, ఎవరింటి ఒబ్బట్టు మెత్తగా ఉందో తేల్చుకోవడానికి మధ్యాహ్నందాకా పంచాయితీ.

మా టీచరమ్మ కృష్ణగిరి నుంచి వచ్చిన మనిషి. ఆమె ఇంట్లో తమిళం, మా ఇంట్లో తెలుగు, పక్కవీధి పిల్లలది కన్నడం. ఎవరైనా ఏడుపు మొదలుపెడితే ఏ భాషలో ఊరుకోబెట్టాలో తెలియక ఆమెకే ఏడుపొచ్చేది. ఒకరోజు ఇంటింటికీ తిరిగి, రోజుకొక ఇంటి నుంచి పెద్దవాళ్లెవరైనా వచ్చి పిల్లలతో కూర్చోవాలని వంతులు వేసి వెళ్లింది. పాపం, మా ఊరి సంగతి ఆమెకేం తెలుసు! ఒకే బావి నీళ్లను పాలివాళ్లంతా వంతులు వేసుకుని పారించుకునే ఊరు మాది. వంతు మార్చుకోవచ్చు, బదులు ఇవ్వచ్చు, కానీ తప్పిందంటే పోయినట్టే, మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా నోరెత్తకూడదు. జనం బాల్వాడీకీ అదే కట్టుబాటు పెట్టేశారు. మొదట్లో నవ్విన అవ్వలే, పక్కింటామె ఒక పూట ఎక్కువ కూర్చుందని తెలియగానే కొంగు నడుముకు చుట్టారు.

"నా వంతు నువ్వెట్ల తీసుకుంటివే?" అని ఇద్దరు ముసలమ్మలు గడపలోనే జుట్లు పట్టుకోబోతే, లోపల మేము చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి రాగులు విసిరే పాట పాడారు.

మా వంతు దగ్గర పడేకొద్దీ నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. ఇంకో చుట్టు తిరిగేలోగా నేను ఒకటో తరగతికి వెళ్లిపోతాను, కాబట్టి ఇదొక్కటే మాకు మిగిలింది. నాయన బెంగళూరులో పనిచేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. రావాల్సింది అమ్మే. అమ్మేమో నారాయణమ్మగారి టమాట తోటలో కూలి. సరిగ్గా ఆ రోజే కోత, మధ్యాహ్నంలోగా పెట్టెలు బండి ఎక్కాలి. వంతు మార్చుకుందామంటే ఎవరూ ఒప్పుకోలేదు. దానికి తోడు బడి గడప అంటేనే అమ్మకు బెదురు.

"నాకు సదువు రాదు, ఆడొచ్చి నేనేం చేసేది పాపా?" అంది అమ్మ. నేను అలిగి సంగటి ముద్ద ముట్టలేదు. తెల్లారాక అమ్మ వెనకే తోటకు పోయి, గట్టు మీద కూర్చుని ఏడుపు అందుకున్నాను. నారాయణమ్మగారి మనవడూ మా బాల్వాడీయే. సంగతి తెలియగానే ఆమె కుచ్చిళ్లు ఎగదోపి, అమ్మ చేతిలోని గంప లాక్కుంది.

"వంతు పోగొట్టుకుంటారా యాడన్నా? నువ్వు పోమ్మా, ఈ సాలు నేను కోస్తాను."

తోట ఆమెదే అయినా ఆమె గంప పట్టగా నేను చూడడం అదే మొదలు. ఇంకేముంది, మేమిద్దరం పరుగే పరుగు!

అమ్మ లోపలికి రాకుండా గడప పక్కన ఒదిగి కూర్చుంది, ఆకుపసరుతో పచ్చబడ్డ చేతులు కొంగులో దాచుకుని. "ఊరికే కూర్చోమ్మా, చాలు," అంది టీచరమ్మ వచ్చీరాని తెలుగులో. పిల్లలంతా కళ్లప్పగించి చూస్తున్నారు. ఏం చేయాలో తోచక అమ్మ వాకిట్లోని గులకరాళ్లు ఏరి గచ్చకాయలాట మొదలుపెట్టింది. రాయి పైకి లేచిన కొద్దీ మేము తెలుగులో లెక్కపెడుతుంటే, టీచరమ్మ తమిళంలో, వెనక వరస కన్నడంలో, పైకప్పు ఎగిరిపోయేంత గోల. నలుగురిలో తలెత్తి మాట్లాడని మా అమ్మ నోరారా నవ్వుతోంది. "ఆమె మా అమ్మ!" అని అరిచాను, అక్కడ తెలియనివాళ్లెవరూ లేకపోయినా. నేను టీచరునయ్యానంటే ఆ పూటే కారణం.

ఈమధ్య మా టీచర్లకు పెట్టిన శిక్షణలో, తల్లిదండ్రులను బాల్వాడీలోకి రప్పించాలని చెబుతుంటే నేను కుర్చీలో నిలవలేకపోయాను. "మా అవ్వలు దీనికోసం కొట్టుకున్నారండీ!" అన్నాను, అందరూ నవ్వారు. బోర్లు వచ్చాక బేరిగై బావి పూడిపోయింది, నీళ్ల వంతులు పోయాయి, వంతు కోసం పోట్లాడే ఆ అవ్వలూ పోయారు. ఇక్కడ హోసూరులో అమ్మానాన్నలు కంపెనీ షిఫ్టుల్లో ఉంటారు, వాట్సాప్‌లో పంపిన మాటకు ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అయినా పట్టు వదలక వంతులు వేశాను. మొదటివారం ఒక్కరూ రాలేదు.

నిన్న గడపలో కంపెనీ యూనిఫాంతో, మెడలో కార్డుతో ఒకాయన ప్రత్యక్షమయ్యాడు.

"నైట్ షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చినాను టీచరమ్మా. యాడ కూర్చోవాల?"

చాప చూపించాను. పిల్లలు ఆయన ఒళ్లోకీ భుజాల మీదికీ ఎక్కారు. నేను కథ మొదలుపెట్టేలోగా ఆయన గోడకు ఒరిగి నిద్రపోయాడు. లేపుదామని వంగితే ఆయన కూతురు నా చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత గదిలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, చెవిలో నోరు పెట్టి, చివరికి నా దగ్గరికీ వచ్చి చెప్పింది: "మా నాయన వచ్చినాడు."