సియాలా బామ్మ మూసేసిన సంఘం

సియాలా బామ్మకు డెబ్బైరెండేళ్లు. బడిలో ముప్పైఏళ్లు వంట చేసింది. సంతకం పెట్టమంటే నాలుక బయటపెట్టి, చెమట తుడుచుకుంటూ పెట్టేది. అలాంటి మనిషి ఒక సంఘానికి అధ్యక్షురాలైంది. సంఘం చేసేదల్లా ఊళ్లో ఒంటరిగా మిగిలిన ఇరవైరెండు మంది ముసలివాళ్లకు మధ్యాహ్నం చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె పెట్టడం. పొయ్యి మాత్రం జర్మనీలో ఎవరో పుణ్యాత్ములు ఇచ్చారు.

ఆ పొయ్యే కొంపమీదికి తెచ్చింది. రాజధాని త్బిలిసీలో పెద్దలు జార్జియా అంతటికీ కొత్త చట్టం చేశారు. బయటి సాయం తీసుకున్న సంఘాలన్నీ తాము పరాయి దేశం పని చేస్తున్నామని రాసిచ్చి నమోదు చేసుకోవాలి. లేదంటే జరిమానా, తలుపుకు సీలు.

"ఒక్క సంతకం గీకితే పోయేదేముందే? ముసలాళ్ల నోటికాడ కూడు తియ్యకు," అంది పక్కింటి నూను.

"ముసలి వలీకోకి పళ్లు లేవని రొట్టె నానబెట్టి పెడుతున్నా. ఆ పని నాకు ఏ దేశం చెప్పిందే? నేను రాయను. కూడూ ఆపను."

రెండూ ఎలా కుదురుతాయో ఆమెకే తెలియదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరికి కాస్త విశ్రాంతి దొరికింది.

నాలుగోరోజు నూను చేలో కలుపు. ఆ ఊళ్లో కలుపు ఎవరి చేనిదైనా అందరూ పోతారు. చేను ఎవరిదైతే ఆ పూట తిండి వాళ్లదే. సాలు మధ్యలో బామ్మ పార వదిలేసి నిలబడిపోయింది. నడుం పట్టేసిందనుకున్నారు. మర్నాడే పట్నం పోయి, సంఘాన్ని తనే మూసేసి, ముద్ర అప్పగించి వచ్చింది.

వారం తిరక్కుండా తనిఖీకి బాద్రి అనే కుర్ర అధికారి వచ్చాడు. సంఘం మూసేసినప్పుడు వంటశాలకు వేసిన సీలు అలాగే ఉంది. నూను పెరట్లో మాత్రం పొగ. ద్రాక్షపందిరి కింద ఇరవైరెండు పళ్లేలు.

"సంఘం మూసేశామని రాసిచ్చారుగా?"

"మూసేశాం నాయనా. ఇది వంతు. ఇవాళ నూను ఇల్లు, రేపు వలీకో ఇల్లు," అంది బామ్మ.

"దీనికి పెద్ద ఎవరు?"

"ఎవరి పెరడైతే వాళ్లే. రేపొచ్చి వలీకోని పట్టుకుపో. జైల్లో రొట్టె నానబెట్టేవాళ్లను మాత్రం చూసుకో."

"ఎక్కడో ఒకచోట నమోదు ఉండాలి కదమ్మా."

"మీ తాత మా చేలో కలుపు తీయడానికి వచ్చేవాడు. ఆయన ఎక్కడ నమోదయ్యాడో కనుక్కుని చెప్పు. మేమూ అక్కడికే పోతాం."

బాద్రి కాగితం ఇటూ అటూ తిప్పాడు. సంఘం పేరు, ముద్ర, అధ్యక్షుడు. ఒక్క గడిలోనూ రాయడానికేమీ లేదు. ఈలోపు వలీకో వైన్ గ్లాసు ఎత్తి, తినేవేళ వచ్చిన అతిథికీ, వాళ్ల తాతకూ మేలు కోరాడు. తాత పేరు ఎత్తాక ఇక నిలబడి ఉండటానికి వీల్లేదు. బాద్రి కూర్చున్నాడు. రెండు పళ్లేలు ఖాళీచేశాడు. పోతూ కాగితం మీద, "సంఘమేదీ కనబడలేదు," అని రాశాడు. బామ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

కోతలనాటికి చుట్టుపక్కల అయిదు ఊళ్లలో వంతులు మొదలయ్యాయి. జర్మనీ పొయ్యి ఇంకా సీలు వెనకే ఉంది. కట్టెల మీద పులుసే రుచని ఊరంతా అంటుంది. బామ్మ ఒప్పుకోదు. మారు మాత్రం వడ్డించుకుంటుంది.