మరిడమ్మను అడగని ప్రశ్న

ఆడవాళ్ళను ఆ ప్రశ్న అడగరు. శ్రీకాకుళంలో నేను నర్సుగా చేసిన ఆసుపత్రికి గుండెపోటుతో మగవాడొస్తే, మంచమెక్కకముందే "సిగరెట్టా, బీడీనా, రోజుకెన్ని?" అని ఆరా తీసేవారు. ఆడమనిషైతే జూనియర్ డాక్టరు తలెత్తకుండానే పొగ అలవాటు "లేదు" అని రాసేసేవాడు. 2014లో మరిడమ్మకీ అలాగే రాశాడు.

మరిడమ్మది కళింగపట్నం. అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు ఎండుచేపల గంపతో బస్సెక్కి ఊరూరా తిరిగి అమ్మింది. కంపు కొడుతోందని కండక్టరు వెనక్కి పొమ్మంటే, "బస్సులో కంపంతావు, కంచంలోకొస్తే కమ్మగున్నాదంతావు. ఏ నోరురా నీది?" అనేదట. గుండెల్లో నొప్పొస్తే గ్యాసనుకుని, వాము నీళ్ళు తాగి, రెండు రోజులు ఆ గంపే మోసింది. చివరికి కూతురు కూర్మమ్మ ఆటోలో తెచ్చి మా దగ్గర చేర్చింది.

పెద్ద డాక్టరు కూర్మమ్మకు విడమరిచి చెప్పాడు. "గండం ఇంకా గడవలేదమ్మా. వయసుంది, షుగరుంది, ఆలస్యంగా తెచ్చారు. ఇలాంటివాళ్ళకి ఆసుపత్రిలో ఉండగానే గుండె లయ తప్పొచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. మంచం దిగనివ్వకండి."

ఆయన మూడు లెక్కపెట్టాడు. నాలుగోది నాకు తెలుసు. నాలుక కింద మాత్ర పెట్టడానికి నోరు తెరిపించినప్పుడు చూశాను. అంగిలి తెల్లగా మందం కట్టి, ఎర్రటి చుక్కలతో ఉంది. అడ్డపొగ. చుట్టను నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి ఆరదు, ఎవరికీ నిప్పు కనబడదు. మా వైపు ముసలమ్మలకి అది మామూలే. మా అమ్మమ్మ అంగిలీ అలాగే ఉండేది.

చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ డాక్టర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. అంతకుముందు ఇంకెవరిదో అడ్డపొగ సంగతి బయటపడితే, "మీవాళ్ళు నిప్పు కూడా తింటారా?" అని నన్నడిగి పగలబడి నవ్వారు. నేను మిషను చర్చి పిల్లను, తెల్ల యూనిఫాం, నలగని ఇస్త్రీ. మా అమ్మమ్మ చర్చి వెనక చుట్ట కాల్చి, నోరు పుక్కిలించి ప్రార్థనకొచ్చేదని వాళ్ళకెక్కడ తెలిసిపోతుందోనని నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఛీ, ఏం నవ్వది!

చేరిన మూడో రోజుకి మరిడమ్మ కాస్త తేరుకుంది. "బేబమ్మా, నోరు సప్పగున్నాది. గంజొద్దు, ఏటైనా ఘాటుగా కావాల" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ ఘాటేమిటో నాకు తెలియక కాదు. "ఊరుకో మామ్మా" అని పక్క మంచానికి వెళ్ళిపోయాను.

సాయంత్రం చూసేవాళ్ళను వదిలే వేళ, కూర్మమ్మ ఆమె ఒంటి మీద మానిటరు తీగలు పీకేసి బాత్రూముకు నడిపించింది. పక్క వార్డు నుంచి తిరిగొచ్చిన నేను, తెర మీద గీత ఆగిపోయి ఉండటం చూసి పరుగెత్తాను. తలుపు తీస్తే చుట్ట వాసన, నేల మీద మరిడమ్మ. గుండె లయ తప్పింది. ఛాతీ నొక్కాం, కరెంటు షాకులిచ్చాం. ముప్పావుగంట పెనుగులాడినా ఆమె తిరిగి రాలేదు.

పెద్ద డాక్టరు చుట్ట ముక్క చూసి కూర్మమ్మ మీద విరుచుకుపడ్డాడు. ఆ స్థితిలో ఉన్న గుండెకి పొగ విషమని, అలవాటుందని ముందే ఎందుకు చెప్పలేదని.

"ఎవులూ అడగనేదు బాబూ" అంది కూర్మమ్మ. "మగోలికే తప్పనుకున్నాను. రెండు దమ్ములే అని బతిమాలింది, ఇచ్చినాను."

ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. ఆమె నా వైపు తిరిగింది. "బేబమ్మా, మాయమ్మని నానే సంపేసినానా?"

నాకు ముందే తెలుసని ఒక్క మాటంటే, ఆ పిల్ల నెత్తిన బరువు సగమైనా దిగేది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఏడవకు, అంతా దేవుడి చిత్తం" అన్నాను.

కూర్మమ్మ ఆ చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.